బావి బండికి పంపిన టైరు

మా ఇంటి పైవాటాలో కిరాయికి ఉండే అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. మొన్నామధ్య తన బండికి వెనక టైరు ఫోన్‌లోనే చూసి తెప్పించుకుంది. మంచం మీద కూర్చుని నాలుగుసార్లు వేలు తాకించింది, మూడో రోజుకు టైరు గుమ్మం ముందుంది. "అంకుల్, మీరు టైర్ల దుకాణంల పనిచేసిండ్రట గద, జర చూడుండ్రి" అని నా దగ్గరికి తెచ్చింది. నేను టైరు అంచున బొటనవేలి గోరు గుచ్చి, అరచేత్తో ఒకసారి రుద్ది, ఆ చేతిని వెలుతురులో పెట్టి చూసుకున్నాను.

"టైరు చూడుమంటే చెయ్యి చూసుకుంటున్నరేంది?" అని నవ్వింది.

దానికి జవాబు కొంచెం పొడుగు. ఆమెకేమో ఆఫీసు టైమైపోతోంది. అందుకని మీకు చెబుతున్నాను.

నల్లగొండలో గడియారం దగ్గర ఒక టైర్ల దుకాణంలో నేను ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఇప్పుడు చెప్పేది ఎనభైల నడుమ సంగతి. అప్పటికి నేను చేరి ఏడేళ్లయింది. మీరు ఫోన్‌లో చేసే పని మేమూ చేసేవాళ్లం. కాకపోతే మా దగ్గర అది పోస్టుకార్డుతో మొదలై ఎర్రబస్సుతో ముగిసేది. జిల్లాలోనే కాదు, మహబూబ్‌నగర్ వైపు నుంచి కూడా మోటారు సైకిళ్లున్నవాళ్లు టైరు కావాలని కార్డు రాసేవాళ్లు. మేము టైరుకు గోనెపట్టా చుట్టి, దబ్బనంతో కుట్టి, చీటీ అంటించి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్లం. వాళ్ల ఊరి స్టేజీ దగ్గర వాళ్లు దించుకునేవాళ్లు.

ఆ కార్డులు చదవడం నా పని. టైరు మీద సైజు అంకెల్లో అచ్చేసి ఉంటుంది, అది చూసి రాస్తే చాలు. కానీ అట్లా రాసేవాళ్లు తక్కువ. ఒకాయన "మా బండి నల్లది, దానికి తగినది పంపగలరు" అని రాశాడు. ఇంకొకాయన "మా బామ్మర్దికి ఇచ్చినటువంటిదే" అన్నాడు. ఆ బామ్మర్ది ఎవరో రాయలేదు. ఒక రైతు చక్రం చుట్టూ దారం చుట్టి, దాన్ని కొలతకు తెంపి, ఉండ చేసి కవరులో పెట్టి పంపాడు. నేను ఆ దారం పట్టుకుని మధ్యాహ్నమంతా దుకాణంలో టైర్ల చుట్టూ తిరిగాను. నిజం చెప్పాలంటే ఆయనకు పంపినంత సరైన టైరు ఇంకెవరికీ పంపలేదు.

దుకాణంలో మేము ముగ్గురం. యజమానిని సేట్ అనేవాళ్లం. మాట తక్కువ, చూపు ఎక్కువ. రెండోవాడు టైర్లు ఎక్కించే ముసలి చాచా. ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మూడోవాణ్ణి నేను. నాకు చదవడం వచ్చు, టైరు ఎక్కించడం రాదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా టైరు ఊడదీసే ఇనప లివరు చేత్తో పట్టలేదు. దాన్ని నేను కొంచెం గొప్పగానే చెప్పుకునేవాణ్ణి.

కార్డులు రాసేవాళ్లలో ఒకరి మీద నాకు ప్రత్యేకమైన శ్రద్ధ ఉండేది. సంతకం ఉండేది కాదు. ప్రతిసారీ ఊరు మారేది. ఒకసారి దేవరకొండ, ఒకసారి అచ్చంపేట, ఇంకోసారి కల్వకుర్తి. అక్షరాలు కార్డుకు అవతలి వైపు ఉబికేంత గట్టిగా ఉండేవి. "చెక్క మీద పోయే బండి. వెనక టైరు ఒకటి. నిరుడు పంపిన సైజే. మంచిది చూసి పంపాలె." అంతే. చెక్క మీద పోయే బండి అంటే నాకు తోచిందొక్కటే. ఎవరో కోతమిల్లు ఆసామి అయ్యుంటాడు, చెట్లు కొనుక్కుంటూ ఊరూరా తిరుగుతుంటాడు. ఆయనకు బుర్రమీసాలు ఉంటాయని కూడా నిర్ణయించుకున్నాను.

ఆ ఏడు ఎండాకాలంలో ఆ కార్డు మోత్కూర్ పక్క నుంచి వచ్చింది. అదే రోజుల్లో సేట్ రంజాన్ వస్తోందని దుకాణానికి సున్నం వేయిస్తున్నాడు.

ఇక్కడ మా దుకాణం ముందర వేలాడే రెండు టైర్ల గురించి చెప్పాలి. అవి అమ్మడానికి కావు, చూపించడానికి. ఆరేళ్లుగా ఎండకు ఎండి, వానకు తడిసి, లోపల్లోపల బీటలు వారి ఉన్నాయి. కానీ బయటికి తెలియదు. వారానికోసారి నేను బూట్ల పాలిష్‌లో కొంచెం గ్యాసునూనె, అంటే కిరోసిన్, కలిపి, గుడ్డముక్కతో వాటిని రుద్దేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరుంది. దారిన పోయేవాళ్లు ఆగి ఆ రెండే కావాలని అడిగేవాళ్లు.

సున్నం వేసేవాళ్ల కోసం వాటిని దించి లోపల సరుకు పక్కన పెట్టారు. మర్నాడు పొద్దున ఏడింటికి మోత్కూర్ బస్సు. నేను ఆలస్యంగా వచ్చాను. సున్నపు దుమ్ములో నిలబెట్టిన టైర్ల మీద చూపు తిప్పి, ఆ సైజులో అన్నిటికన్నా తళతళలాడేదాన్ని తీసుకున్నాను. మంచిది చూసి పంపాలె అని రాశారు కదా. ఆ తళతళకు కారణం నేనేనన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు. గోనె చుట్టి, కుట్టి, కండక్టరుకు ఇచ్చి, చాయ్ తాగి వచ్చాను.

పదిన్నరకు సున్నం పని అయిపోయింది. చాచా నిచ్చెనెక్కి చూపుడు టైర్లను మళ్లీ కట్టబోయాడు. మొదటిది కట్టాడు. రెండోదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"బేటా, ఇటు రా" అన్నాడు. "గీ టైరుకు వెంట్రుకలున్నయ్."

కొత్త టైరు మీద సన్నటి రబ్బరు పోగులు మొలిచి ఉంటాయి. మీరూ చూసే ఉంటారు. నాలుగు రోజులు నడిపితే రాలిపోతాయి.

"ఉంటయ్ గద చాచా" అన్నాను.

"కొత్తదానికి ఉంటయ్. ఆరేండ్ల ముసలిదానికి వెంట్రుకలెట్ల మొలిచినయ్?"

నాకు అర్థమైంది. కానీ భయం వేయలేదు. "పొద్దుగాల మోత్కూర్‌కు పోయింది ముసలిదన్నట్టు. రేపటి బస్సుల ఇంకోటి పంపుదాం. ఎవరో కట్టెల ఆసామి, ఒక్కరోజు ఆగుతడు తియ్" అన్నాను.

"కట్టెల ఆసామి అని ఎవరు చెప్పిండ్రు?"

"కార్డుల ఉంది. చెక్క మీద పోయే బండి అని."

చాచా నిచ్చెన దిగి వచ్చాడు. రెండేళ్లుగా ఆ కార్డులు వస్తున్నా ఆ మాటను నేనెన్నడూ ఆయనకు చదివి వినిపించలేదు. "మోత్కూర్ అవతల గిప్పుడు జాతర నడుస్తాంది" అన్నాడు మెల్లగా. "జాతరల చెక్క మీద పోయే బండి ఏముంటది బేటా? మౌత్ కా కువా."

మౌత్ కా కువా అంటే మృత్యువు బావి. ఇప్పుడవి తగ్గిపోయాయి కానీ అప్పట్లో ప్రతి జాతరలో ఉండేది. చెక్కపలకలతో రెండు నిలువుల ఎత్తున గుండ్రటి గోడ కడతారు. పైన అంచు చుట్టూ జనం నిలబడి లోపలికి వంగి చూస్తారు. అడుగున మోటారు సైకిలు మొదలై, వేగం పెంచుకుంటూ గోడ మీదికెక్కి, నేలకు అడ్డంగా పడుకున్నట్టు గిరగిరా తిరుగుతుంది. ఆ బండిని గోడకు పట్టి ఉంచేవి రెండే, వేగం, టైర్లు. అందులో వెనక టైరు స్థానంలో నేను బూటుపాలిష్ పూసిన చచ్చిన రబ్బరును పంపాను.

సేట్ హైదరాబాద్ వెళ్లాడు. జాతరకు ఫోన్ లేదు. చాచా వెంట్రుకలున్న టైరును నా భుజాన తగిలించాడు. "సేట్ బండి తీస్కపో. ముందుగాల గా టైరు ఊడదీపియ్యి. మాఫీ తర్వాత అడుగుదువు" అన్నాడు.

సేట్ బండి గురించి ఒక మాట. ఊరందరికీ టైర్లమ్మే మా సేట్ తన బండికి టైరు మార్చించేవాడు కాదు. వెనక టైరు గుండులా నున్నగా ఉండేది. నార్కట్‌పల్లి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా అది తుస్సుమంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, మెడలో కొత్త టైరు వేసుకుని, పంక్చరైన బండిని తోస్తూ నడిచాను. దారిలో కనబడ్డ ప్రతి మనిషీ ఒకే ప్రశ్న వేశాడు.

"ఏందన్నా, కొత్త టైరు మెడల ఏస్కొని బండి నూకుతున్నవ్? గదే ఎక్కియ్యరాదు?"

మొదటి ఇద్దరికీ సైజు వేరని విడమరిచి చెప్పాను. మూడో మనిషికి మొక్కున్నదని చెప్పాను. ఆయన చేతులు జోడించాడు.

నార్కట్‌పల్లిలో బండిని పంక్చరు దుకాణంలో పడేసి, జాతరకు పోయే జీపు ఎక్కాను. పది మంది పట్టేదాంట్లో ఇరవై మంది. నా టైరుకు జాగా లేదు. దాన్ని కింద పెడితే ఒక అవ్వ వచ్చి దాని మీద కూర్చుంది. ఆమెకు అది ఎంత బాగా కుదిరిందంటే, గతుకుల్లో అందరూ ఎగిరిపడుతుంటే ఆమె ఒక్కతే పీట మీద కూర్చున్నట్టు ఉంది. జాతర దగ్గర దిగేటప్పుడు లేవదు.

"అవ్వా, టైరియ్యి, అర్జెంటున్నది" అన్నాను.

"గింత అర్జెంటేంది బిడ్డా?"

"ఒక మనిషి పానం మీదికి వచ్చింది."

అవ్వ నా మొహం చూసి వెంటనే లేచింది. "గా మాట ముందే జెప్పద్దా" అని తనే టైరును బయటికి దొర్లించింది.

జాతరలో ఆ బావిని వెతకనవసరం లేదు. బండి చప్పుడు ఊరి బయటికే వినిపిస్తోంది. అంటే ఆట నడుస్తోంది. నేను పరుగెత్తాను. గేటు దగ్గర మైకు పట్టుకుని ఒక బక్కపలచటి మనిషి జనాన్ని పిలుస్తున్నాడు.

"అన్నా, ఆట ఆపు" అన్నాను ఊపిరాడక.

"టికెట్ దీస్కో. మల్లా ఆట అరగంటకు."

"నల్లగొండ నుంచి వచ్చిన. టైర్ల దుకాణం. మీకు పంపిన టైరు మంచిది గాదు. ఆట ఆపమని చెప్పు ఆయనకు."

ఆయన మైకు చేత్తో మూసి నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఎవరాయన? లోపట తోలేది నా పెండ్లాం. మొదలుపెట్టినంక ఆపుడు నా చేతుల లేదు, ఆమె చేతులనే ఉన్నది. పైకి పోయి చూడు."

మెట్లెక్కాను. కాళ్ల కింద పలకలు వణుకుతున్నాయి. వంగి చూస్తే, రెండేళ్లుగా నేను బుర్రమీసాలు పెట్టిన కోతమిల్లు ఆసామి, సల్వార్ కమీజు వేసుకుని, జడను వెనక కమీజులోకి దోపుకుని, ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషిగా నా మోకాళ్లకు రెండడుగుల కింద నుంచి దూసుకుపోయింది. ప్రతి చుట్టుకూ నేను వెనక టైరును చూడాలని ప్రయత్నించాను. నల్లటి గీత తప్ప ఏమీ కనబడలేదు. ఆమె పైఅంచుదాకా వచ్చి ఎవరి చేతిలోదో జేబురుమాలు లాక్కుపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నేను రెయిలింగు పట్టుకుని, ఏ దేవుడు దొరికితే ఆ దేవుణ్ణి, చాచా దేవుణ్ణి కూడా, వేడుకున్నాను. అయిదారు నిమిషాల ఆట అది. ఆ తర్వాత నా పెళ్లి జరిగింది, పిల్లలు పుట్టారు, అంత పొడుగైన అయిదు నిమిషాలు మళ్లీ చూడలేదు.

బండి మెల్లగా గోడ దిగింది. నేను వెనక వైపు పరుగెత్తాను. అడుగున ఉన్న చిన్న తలుపులోంచి ఆమె బండిని బయటికి తోసుకొచ్చింది. నేను నోరు తెరవకముందే నా భుజాన టైరు చూసింది.

"నల్లగొండ నుంచా?" అంది.

"అవునక్కా. పొద్దుగాల పంపింది..."

"ఎరుకే. ఇటు రా."

డేరా వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నా చూపుడు టైరు నేల మీద పడి ఉంది. దానికి తాడుతో ఒక మేకను కట్టేశారు. మేక ఆకులు నములుతూ నన్ను చూసింది.

"పార్సిల్ ఇప్పంగనే నా చెయ్యి నల్లగయింది" అంది ఆమె. "కొత్త టైరు చేతికి అంటదు తమ్మీ. గోరు గుచ్చిన, లోపట పెంకు లెక్క పగిలింది. పెండ్లిపిల్లను చేసినట్టు మంచిగ ముస్తాబు చేసిండ్రు. ఎవరు రుద్దిండ్రు దీన్ని?"

"నేనే" అన్నాను.

"పనిమంతునివే" అంది. నవ్వలేదు.

టైరు ఎక్కించలేదన్న సంతోషంలో నేను నవ్వబోయాను. అప్పుడే ఆమె బండి వెనక చక్రం నా కంటపడింది. పాత టైరు. రబ్బరు అరిగి మధ్యలో రెండు చోట్ల లోపలి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. పొద్దుటి నుంచి నాలుగు ఆటలు దాని మీదే తిరిగింది. జాతర మూడు రోజులే, ఆపితే ఈ ఊరి సంపాదన పోతుంది. నా టైరు సరైనదైతే ఆ నాలుగు ఆటలూ దారాల మీద తిరిగే పని ఉండేది కాదు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆమె నా భుజం మీది టైరు తీసుకుంది. గోరు గుచ్చింది, వాసన చూసింది, అంచులు వంచి వెలుతురులో పెట్టి చూసింది.

"గిది మంచిదేనా?"

"మంచిదేనక్కా."

"పొద్దుగాల గది గూడ మంచిదే అని పంపినవ్."

ఆమె లివర్లు తెచ్చి నా ముందు పడేసింది. "ఎక్కియ్యి."

"నాకు రాదు."

"టైర్లు అమ్ముతవ్, ఎక్కియ్యరాదా?"

ఏడేళ్లు గొప్పగా చెప్పుకున్న మాట ఆ ఎండలో ఎంత పలచగా ఉందో అప్పుడు తెలిసింది. ఆమె చక్రం ఊడదీసి, పక్కన కూర్చుని, లివరు ఎక్కడ పెట్టాలో, ఎంత లేపాలో, ట్యూబు లివరు కింద నలగకుండా ఎట్లా చూసుకోవాలో చెప్పింది. గంట పట్టింది. చాచాకైతే పావుగంట పని. నా వేళ్ల మీద రెండు చోట్ల తోలు లేచింది. గాలి కొట్టి, చక్రం బిగించాక, బిగింపును ఆమె తనే మళ్లీ చూసుకుంది.

"నడువు" అంది.

"ఎక్కడికి?"

"బావిలకు. నేను తోల్తున్నంతసేపు నువ్వు కింద నడుమ నిలబడు. గీ టైరు మంచిదని నువ్వన్నవ్ గద."

నేను ఆమె భర్త వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. "నేను ఒక్కసారి నిలబడ్డ" అన్నాడు. "గందుకే మైకు పట్టుకున్న."

కాదని వచ్చేయొచ్చు. ఆమె బలవంతం చేయలేదు, చెయ్యి పట్టి లాగలేదు. బండి తోసుకుంటూ తలుపులోంచి లోపలికి పోయింది, అంతే. ఆ తలుపు తెరిచే ఉంది. నేను కొంచెంసేపు మేక పక్కన నిలబడ్డాను. రెండేళ్లుగా ఆమె కార్డు మీద నాలుగు ముక్కలు రాసి, నా మాట మీద గోడ ఎక్కుతోంది. ఆ లెక్కన నేను ఒక్కసారి కింద నిలబడడం పెద్ద సంగతి కాదు. అట్లా అనుకున్నాను కానీ కాళ్లు నమ్మలేదు. వాటిని ఒప్పించి లోపలికి నడిచాను.

మైకులో భర్త గొంతు మోగింది. "టైరు అమ్మినాయన నల్లగొండకెల్లి వచ్చిండు, తన టైరు కింద తనే నిలబడుతుండు, చూడుండ్రి, మల్లా దొరకది." పైన అంచు నిండా తలలు. ఆమె బండి మీద కూర్చుని, "నడుమల నుంచి కదలకు. ఎటు పోయినా నేను అటే వస్తున్న అనిపిస్తది. కదలకు" అంది. బండి స్టార్టయింది. అడుగున రెండు చుట్లు తిరిగి, వాలు మీదికి, అక్కడి నుంచి గోడ మీదికి ఎక్కింది. పలకల చప్పుడు నా ఛాతీలోకి దిగింది. పన్నెండు చుట్లు తిరిగింది. నేను కదలలేదు.

సేట్ మర్నాడు వచ్చాడు. చాచా చెప్పిందంతా విన్నాడు. నన్ను ఒకసారి చూసి, బయటికి వెళ్లి, వేలాడుతున్న రెండో చూపుడు టైరును తనే కత్తిరించి కింద పడేశాడు. "ముందర ఏది వేలాడితే లోపట గదే ఉండాలె" అన్నాడు. ఆయన నోట నేను విన్న అతి పెద్ద ఉపన్యాసం అదే. ఆ వారమే తన బండికి కొత్త టైరు కూడా వేయించాడు. నేను పొద్దున గంట ముందే వచ్చి చాచా దగ్గర టైరు ఎక్కించడం నేర్చుకున్నాను.

ఆ భర్త ఆ ప్రకటనను ఒక్క జాతరతో ఆపలేదు. అచ్చంపేట దాకా ప్రతి ఆట ముందూ చెప్పాడట. కార్డులు రెండింతలయ్యాయి. వాటి భాష కూడా మారింది. "మీ మనిషి కింద నిలబడ్డ కంపినీదే పంపగలరు" అని ఒకరు, "బావి టైరు ఒకటి" అని ఒకరు. చిట్యాల నుంచి ఒకాయనైతే స్వయంగా వచ్చి, "నిలబడ్డది నువ్వేనా?" అని నన్ను చుట్టూ తిరిగి చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. ఆ అక్క తొంభైల మొదటిదాకా కార్డులు రాసింది. తర్వాత పలకలు అమ్మేసి, భార్యాభర్తలు కల్వకుర్తి దగ్గర పిండిగిర్ని పెట్టుకున్నారని కండక్టరు చెప్పాడు.

ఆ రోజు సంగతి నేను రిటైరయ్యేదాకా వందల మందికి చెప్పాను. కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకూ చెప్పాను. పన్నెండు చుట్లు లెక్కపెట్టానని, బండి తలకు ఎంత దగ్గరగా పోయిందో, పైన ఎవరెవరు ఏ మొహంతో చూస్తున్నారో వర్ణించి వర్ణించి చెప్పాను. వినేవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. ఇప్పుడు ఎవరికీ టైరు అమ్మాల్సిన పని లేదు కాబట్టి మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పన్నెండు చుట్లన్నది తర్వాత ఆమె భర్త చెప్పిన లెక్క. నేనొక్క చుట్టు కూడా చూడలేదు. బండి గోడ ఎక్కగానే కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ పక్కలకు అతికించుకుని, స్తంభంలా నిలబడిపోయాను. చప్పుడు ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలియదు. పైన జనానికి నా నడినెత్తి మాత్రమే కనబడింది కాబట్టి అందరూ ధైర్యవంతుడన్నారు.

ఒక్క ఆమెకే తెలుసు. బండి ఆపి, స్టాండు వేసి, నా ముందుకొచ్చి నిలబడింది. పైవాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి, "కండ్లు తెరువు తమ్మీ" అంది. "టైరు మంచిదే."